ఓపెన్, పాలీ సంబంధాల్లో ఉన్న క్లయింట్లతో థెరపీ: ఇన్‌టేక్, ఒప్పందాలు, నోట్స్ ఎలా చేస్తున్నారు?

కొండాపూర్_కౌన్సెలర్

అందరికీ నమస్కారం. థెరపీ చేసేవాళ్లు, సైకియాట్రిస్టులు, ఫ్యామిలీ కోర్టు పని తెలిసినవాళ్లు ఈ గ్రూపులో ఉన్నారు కాబట్టి ఇక్కడే అడుగుతున్నాను.

గచ్చిబౌలి, కొండాపూర్ వైపు ఓపెన్, పాలీ (పాలియామరీ, అంటే అందరి సమ్మతితో ఒకరికంటే ఎక్కువ మందితో సంబంధం) ఏర్పాట్లతో మూడు రకాల క్లయింట్లు వస్తున్నారు. భార్యాభర్తలిద్దరికీ తెలిసి, ఇద్దరూ ఒప్పుకుని బయట ఇంకో సంబంధం ఉన్న జంటలు. ఒకే ఇంట్లో ముగ్గురుగా ఉంటున్నవాళ్లు. పెళ్లి కాకుండా ఇద్దరు ముగ్గురు పార్ట్‌నర్లు ఉన్నవాళ్లు, ఆ సంగతి అందరికీ తెలిసే ఉంటుంది. వీళ్లలో చాలామంది ఇంతకుముందు ఎక్కడో ఒకచోట "ముందు ఆ రెండో సంబంధం ఆపేసి రండి, తర్వాత చూద్దాం" అనిపించుకుని వచ్చినవాళ్లే. మన కోర్సుల్లో జంట అంటే ఇద్దరే అన్న లెక్కన నేర్పారు. ఫారాలు, పరీక్షలు, టెక్నిక్కులు అన్నీ ఆ లెక్కమీదే ఉన్నాయి.

తీర్పు చెప్పకూడదని తెలుసు. కానీ తీర్పు చెప్పకపోతే సరిపోదు కదా. ఇన్‌టేక్‌లో (మొదట్లో వివరాలు తీసుకునేటప్పుడు) ఏం అడగాలి? అసూయతో ఎలా పనిచేయాలి? సమ్మతి నిజంగా ఉందా, ఒకరు నోరు మూసుకుని భరిస్తున్నారా అని ఎలా తేల్చాలి? నోట్స్‌లో ఏం రాయాలి, రేపు విడాకుల కేసు పడితే అవి ఎవరి మీద వాడతారు? ఒకరు విడిగా వచ్చి చెప్పింది రెండోవాళ్ల దగ్గర దాచాలా? దేనికైనా సరే, వివరంగా రాయగలిగినవాళ్లు రాయండి.

తార్నాక_సైకాలజిస్ట్

మంచి ప్రశ్న మేడమ్. ఇలాంటి క్లయింట్లతో అఫర్మింగ్ థెరపీ (వాళ్ల ఏర్పాటును గౌరవిస్తూ చేసే థెరపీ) చేయాలంటారు. అఫర్మింగ్ అంటే క్లయింట్ ఏ ఏర్పాటుతో వచ్చినా భేష్ అనడం అని కొందరు అనుకుంటున్నారు. ఏకపత్నీ, ఏకపతి సంబంధంతో వచ్చినవాళ్లను ఎలా చూస్తామో వీళ్లనూ అలాగే చూడాలి. పెళ్లయిన జంట నిద్ర పట్టడం లేదని వస్తే "మీకు పెళ్లి కావడం వల్లే" అని అనం కదా. అలాగని వాళ్ల పెళ్లిలో దెబ్బలు తగులుతుంటే చూడనట్టు ఊరుకోం. రెండూ ఇక్కడ అంతే.

ముందు ఒక సంగతి. ఇది జబ్బు కాదు. మానసిక జబ్బుల జాబితాలైన డీఎస్ఎం-5లోగానీ ఐసీడీ-11లోగానీ ఒకరికంటే ఎక్కువ మందితో సంబంధం ఉండటం అనే డయాగ్నసిస్ లేదు. ఐసీడీ-11లో కంపల్సివ్ సెక్సువల్ బిహేవియర్ డిజార్డర్ (లైంగిక ప్రవర్తనను అదుపు చేసుకోలేకపోవడం) ఉంది, అందులో కూడా బాధ అంతా నైతికంగా తప్పన్న భావన వల్లే వస్తుంటే ఆ డయాగ్నసిస్ ఇవ్వడానికి అది చాలదని స్పష్టంగా రాశారు. మన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017 సెక్షన్ 3 కూడా, సమాజంలో చెల్లుబాటయ్యే నైతిక, సాంస్కృతిక విలువలకు కట్టుబడకపోవడాన్ని బట్టి మానసిక అనారోగ్యాన్ని నిర్ధారించకూడదంటుంది. "అవాయిడెంట్ అటాచ్‌మెంట్", "బోర్డర్‌లైన్" లాంటి మాటలు ఫైల్లో రాసేముందు ఒక్క నిమిషం ఆగండి. ఒకరితోనే ఉండే క్లయింట్ విషయంలో ఇవే లక్షణాలకు ఆ మాట రాసేవాళ్లమా అని చూసుకోండి.

ఇన్‌టేక్ ఫారం మార్చడం సులువైన పని, వెంటనే చేయండి. "భార్య/భర్త పేరు" అనే ఒక్క గీత తీసేసి "ప్రస్తుతం మీకు దగ్గరగా ఉన్నవాళ్లు" అని నాలుగైదు గీతలు పెట్టండి. పక్కన మూడు గడులు: కలిసి ఉంటున్నారా, ఈ ఏర్పాటు వాళ్లకు తెలుసా, మిగతా వాళ్ల గురించి వాళ్లకు తెలుసా. ఎమర్జెన్సీ కాంటాక్ట్‌గా అమ్మ నంబర్ ఇస్తే ఆమెకు ఏం తెలుసు, ఏం తెలియదు అని రాయించుకోండి. అపాయింట్‌మెంట్ రిమైండర్ ఏ నంబర్‌కి, ఏ సమయంలో పంపాలో అడగండి. వాట్సాప్‌లో "మీ ముగ్గురికీ రేపు 6 గంటలకు సెషన్" అని వెళ్లిన మెసేజ్‌ను అత్తగారు చూస్తే నష్టం మన వల్లే జరిగినట్టు. జాయింట్ ఖాతా నుంచి యూపీఐ చేస్తే స్టేట్‌మెంట్‌లో క్లినిక్ పేరు పడుతుంది, అది కూడా ముందే చెప్పండి.

మొదటి సెషన్‌లో తొందరపడి సంబంధాల చరిత్రలోకి దిగొద్దు. "ఇప్పుడే ఎందుకొచ్చారు?" అని అడగండి. చాలాసార్లు పానిక్, ఉద్యోగం పోతుందన్న భయం, నాన్న ఆరోగ్యం, ఇలా దేనికో వస్తారు. అప్పుడు దానికే పనిచేయాలి. ఏర్పాటు గురించి మనకు తెలియాల్సినంతే అడగాలి, మన కుతూహలం తీరడానికి కాదు. ఎవరు ఎవరితో పడుకుంటారు, ముగ్గురూ ఒకేసారా లాంటి ప్రశ్నలు సమస్యకు సంబంధం లేకపోతే వద్దు. పదాల అర్థాలు క్లయింట్‌తో చెప్పించుకుంటూ అరగంట తినొద్దు. మెటామోర్ అంటే పార్ట్‌నర్‌కి పార్ట్‌నర్, హైరార్కీ అంటే ఒక సంబంధానికి ముందు చోటు, వీటో అంటే ఒకరు వద్దంటే రెండోవాళ్లు ఆ సంబంధం ఆపేయాలన్న నియమం. ఈ మాత్రం మనం చదువుకుని కూర్చోవాలి.

సంబంధమే సమస్య అయితే రెండో సెషన్‌లో ఒక మ్యాప్ గీయండి. జెనోగ్రామ్ (కుటుంబ సంబంధాల పటం) వేయడం అలవాటే కాబట్టి కష్టం కాదు. ఒక్కో మనిషికి ఒక గుండ్రం. పెళ్లికి జంట గీత, కలిసి ఉండటానికి నిండు గీత, శారీరకం మాత్రమే అయితే చుక్కల గీత. గీత మీద నాలుగు సంగతులు రాయండి: వారానికి ఎన్ని గంటలు, నెలకు ఎన్ని రాత్రులు, డబ్బు కలిసిందా, ఎవరికి తెలుసు. 20 నిమిషాల పని. గొడవ ఎక్కడుందో ఈ కాగితం మీదే కనబడుతుంది. "మేం ముగ్గురం సమానమే" అంటారు, మ్యాప్ మీద ఒకరికి నెలకు రెండు రాత్రులు, ఇంకొకరికి ఇరవై ఎనిమిది ఉంటాయి. అప్పుడు "సమానం" అంటే మీ ముగ్గురికీ ఏమిటి అని అడిగితే అసలు మాట బయటికొస్తుంది.

ఇక సమ్మతి. "మీకు ఇష్టమేనా?" అని అడిగితే అందరూ ఇష్టమే అంటారు, పక్కన భర్త కూర్చుని ఉంటే మరీ అంటారు. మొదటి మూడు సెషన్లలో ఒక్కొక్కరితో విడిగా ఒక సెషన్ తప్పనిసరిగా పెట్టండి. అక్కడ అడగాల్సింది ఇది: "రేపు మీరు వద్దంటే ఏమవుతుంది?" ఆ జవాబులో ఇల్లు పోవడం, వీసా పోవడం, పిల్లలు దూరమవడం, దెబ్బలు పడటం, "అయితే విడాకులే" అనడం లాంటివి వస్తే అక్కడ సమ్మతి లేదు. ఆలోచన మొదట ఎవరిది, ఎన్నిసార్లు మాట్లాడుకున్నారు, దొరికిపోయిన ఎఫైర్‌ని తర్వాత "ఓపెన్" అని పేరు మార్చారా, ఒకరికి ఉన్న వెసులుబాటు రెండోవాళ్లకీ ఉందా, ఇవీ తెలుసుకోవాలి. భర్తకు గర్ల్‌ఫ్రెండ్ ఉండొచ్చు, భార్య మాత్రం కొలీగ్‌తో కాఫీకి వెళ్తే ఫోన్ లాక్కుంటారు: దీన్ని మనం ఓపెన్ రిలేషన్‌షిప్ అని రాసుకుంటే ఆమెకు అన్యాయం చేసినట్టే. హింస ఉందని తేలితే జంట థెరపీ ఆపి, విడిగా భద్రత ప్లాన్ మీద పనిచేయాలి.

ఒకరికి అసలు తెలియనే తెలియకపోతే అది వేరే కేసు. తిట్టాల్సిన పని లేదు, కానీ దాన్ని పాలియామరీ అని క్లయింట్ అంటే ఔనని తలూపకూడదు. "ఆవిడకు తెలియదు కాబట్టి ఆవిడ ఒప్పుకున్నారని మనం అనలేం" అని మెల్లగా, కచ్చితంగా చెప్పాలి.

కొండాపూర్_కౌన్సెలర్

చాలా థాంక్స్ అండీ. మ్యాప్ ఆలోచన వెంటనే వాడతాను. అసూయ గురించి, ఒప్పందాల గురించి కూడా రాస్తారా? నాకు ఎక్కువ ఇబ్బంది అక్కడే. "ఎమోషన్స్ పెట్టుకోకూడదు అని రూల్ పెట్టుకున్నాం, తను పెట్టేసుకుంది" అని వస్తారు. అక్కడి నుంచి ఎటు వెళ్లాలో తెలియడం లేదు.

తార్నాక_సైకాలజిస్ట్

ఆ రూల్ ఎవరూ పాటించలేరు మేడమ్, అందుకే విరుగుతుంది. మనసులో ఏం పుట్టాలో ఎవరూ మాట ఇవ్వలేరు, ఏం చేస్తారో మాత్రమే ఇవ్వగలరు. కాబట్టి దాన్ని పనుల్లోకి మార్చాలి. "ఎమోషన్స్ వద్దు" అన్నప్పుడు మీ భయం ఏమిటి అని అడగండి. ఒకరు "రాత్రి అక్కడే ఉండిపోతుందేమో" అంటారు, ఇంకొకరు "నాతో చెప్పాల్సిన మాటలు అక్కడ చెబుతుందేమో" అంటారు, ఇంకొకరికి డబ్బు. అప్పుడు ఒప్పందం రాత్రి బస గురించో, మంచం మీద పడుకున్నాక చాటింగ్ గురించో, ఊరు దాటి ట్రిప్పుల గురించో, ఖర్చు గురించో అవుతుంది.

ఒక్కో అంశానికి నాలుగు ముక్కలు రాయించండి: ఏం చేస్తాం లేదా చేయం, ఇది ఏ భయం కోసం, తప్పితే ఎవరికి ఎన్ని గంటల్లో చెప్పాలి, మళ్లీ ఎప్పుడు చూసుకుంటాం. మూడో ముక్క చాలామంది వదిలేస్తారు. మాట తప్పడం కంటే దాన్ని వారం దాచడమే ఎక్కువ జంటలను విరగ్గొడుతుంది. కొత్తగా మొదలుపెట్టినవాళ్లకు మొదటి రివ్యూ 30 రోజులకు, తర్వాత మూణ్నెల్లకోసారి. రివ్యూని గొడవ మధ్యలో పెట్టుకోకూడదు, తేదీ ముందే వేసుకోవాలి. మొత్తం ఏడెనిమిది అంశాలు దాటితే నాకు అనుమానం వస్తుంది. పాతిక రూల్స్ రాసుకున్నారంటే అక్కడ నమ్మకం తక్కువై కాపలా ఎక్కువైందని అర్థం.

ఇంకో సంగతి, ఆ ఒప్పందం తగిలేది గదిలో కూర్చున్న ఇద్దరికే కాదు. "వీటో నాకుంది" అని భార్య అంటుంది, రెండేళ్లుగా ఉన్న మూడో మనిషికి ఆ సంగతే తెలియదు. ఆ మనిషికి ముందే చెప్పాలి. చెప్పకుండా వాడితే అది వాళ్ల మీద చేసిన మోసం. ఈ మాట జంటతో అనడానికి మనం వెనకాడకూడదు, ఎందుకంటే ఆ మనిషి మన గదిలో లేరు.

అసూయ వస్తే సంబంధం తప్పని తీర్మానించొద్దు. క్లయింట్ వెనకబడిందనీ అనొద్దు. పాలీ పుస్తకాలు చదివిన క్లయింట్లు "నాకు అసూయ రాకూడదు కదా" అని సిగ్గుపడుతూ వస్తారు, ఆ సిగ్గు ముందు తీయాలి. తర్వాత దాన్ని విడదీయాలి. పోగొట్టుకుంటానన్న భయం ఒకటి. పోలిక ఒకటి, వయసు, రంగు, జీతం, శరీరం. వెలి పడ్డానన్న బాధ ఒకటి. అన్యాయం జరిగిందన్న కోపం ఒకటి, ఇది తరచూ న్యాయమైన కోపమే. ఒక్కోదానికి మందు వేరు. భయానికి భరోసా, కలిసి గడిపే నిర్ణీత సమయం పనిచేస్తాయి. పోలికకు వ్యక్తిగతంగా, ఆ ఆలోచనల మీద పనిచేయాలి. అన్యాయానికి మాత్రం శ్వాస వ్యాయామాలు ఇస్తే తప్పు, అక్కడ ఒప్పందం మారాలి. పిల్లాడికి జ్వరమొచ్చిన రాత్రి ఒకరు డేట్‌కి వెళ్లిపోతే ఇంట్లో ఉన్నవాళ్లకు కలిగేది అసూయ కాదు. ఇంటి పని ఎవరి నెత్తిన పడుతోంది అన్న ప్రశ్న అది.

విడదీయడానికి పార్ట్‌నర్ బయటికి వెళ్లిన ఒక్క సాయంత్రాన్ని తీసుకోండి. ఏడింటికి తలుపు మూసిన దగ్గరనుంచి గంట గంటకు ఏం జరిగింది? ఫోన్ ఎన్నిసార్లు చూశారు, లాస్ట్ సీన్ చూశారా, ఇన్‌స్టాలో స్టోరీ వెతికారా, అన్నం తిన్నారా? బాధ ఎక్కడ పదికి పది అయిందో ఆ నిమిషం దొరుకుతుంది. ఒకరికి అది బయటికెళ్లేముందు కొట్టుకున్న పెర్ఫ్యూమ్ దగ్గర, ఇంకొకరికి పదకొండన్నారని పన్నెండున్నరకు వచ్చిన దగ్గర. ఆ నిమిషానికి ప్లాన్ రాయండి: ముందు అరగంట కలిసి ఉండటం, మధ్యలో ముందే అనుకున్న సమయానికి ఒక్క మెసేజ్, ఆలస్యమైతే చెప్పిన సమయానికి ముందే ఫోన్, ఇంట్లో ఉన్నవాళ్లకు ఆ సాయంత్రం సొంత ప్రోగ్రాం, వచ్చాక ఆ రాత్రి ఆరా తీయకపోవడం, మర్నాడు ముప్పై నిమిషాలు మాట్లాడటం. ముందు, మధ్యలో, మర్నాడు పొద్దున 0 నుంచి 10 వరకు బాధను గుర్తుపెట్టుకోమనండి, నాలుగు వారాలు. అంకెలు తగ్గుతుంటే పని జరుగుతోంది. భరోసా, ప్లాన్ అన్నీ సక్రమంగా ఉండి కూడా పెరుగుతూ పోతుంటే నైపుణ్యాలు నేర్పడం ఆపి, ఆ మనిషికి ఈ ఏర్పాటు కావాలా వద్దా అన్న ప్రశ్నకు తిరిగి వెళ్లండి.

ఫ్యామిలీ_కోర్టు_లాయర్

నోట్స్ ప్రశ్నకు నేను రాస్తాను. తెలంగాణలో ప్రాక్టీస్ చేసేవాళ్లకు సరిపోయేలా.

పెద్దవాళ్లు ఇష్టపూర్వకంగా పెట్టుకున్న సంబంధం నేరం కాదు. వ్యభిచారాన్ని నేరంగా చూసిన ఐపీసీ 497ను సుప్రీంకోర్టు 2018 సెప్టెంబర్ 27న కొట్టేసింది, అదే నెల 6న ఐపీసీ 377 (స్వలింగ సంపర్కాన్ని నేరంగా చూసిన సెక్షన్) కింద పెద్దల మధ్య సమ్మతితో జరిగేదాన్ని నేరం కాకుండా చేసింది. కానీ వ్యభిచారం విడాకులకు కారణంగా ఇప్పటికీ ఉంది: హిందూ వివాహ చట్టం సెక్షన్ 13(1)(i), స్పెషల్ మ్యారేజ్ యాక్ట్‌లో సెక్షన్ 27. హిందూ వివాహ చట్టం సెక్షన్ 23(1)(బి) ప్రకారం పిటిషన్ వేసినవాళ్లే దానికి సహకరించినా, ప్రోత్సహించినా, క్షమించినా ఆ కారణం మీద డిక్రీ రాకూడదు. దీన్ని చూసి "మీరిద్దరూ సంతకం పెట్టుకుంటే సేఫ్" అని థెరపిస్టులు చెప్పొద్దు. అదే కాగితం కస్టడీ గొడవలో ఇంకో రకంగా బయటికి రావచ్చు. థెరపీ కోసం రాసిన ఒప్పందాన్ని స్టాంపు పేపర్ మీద రాయించొద్దు, కాపీ మీ ఫైల్లో ఉంచుకోవాలా వద్దా అని క్లయింట్లతో మాట్లాడి నిర్ణయించండి.

రెండో పెళ్లి వేరే సంగతి. హిందూ వివాహ చట్టం, స్పెషల్ మ్యారేజ్ యాక్ట్ కింద పెళ్లయినవాళ్లు, ముగ్గురూ ఒప్పుకున్నా సరే, మొదటి పెళ్లి నిలిచి ఉండగా ఇంకో పెళ్లి చేసుకుంటే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 82 కింద ఏడేళ్ల వరకు శిక్ష. గుళ్లో తాళి కట్టి ఫొటోలు పెట్టుకుందాం అని క్లయింట్లు ఉత్సాహపడితే లాయర్‌ని కలవమనండి. సెక్షన్ 84 కూడా తెలుసుకోండి: నేరపూరిత ఉద్దేశంతో వివాహితను మభ్యపెట్టి తీసుకెళ్లడం గురించిన పాత ఐపీసీ 498 ఇప్పటికీ ఆ రూపంలో ఉంది. పుట్టింటివాళ్లో అత్తింటివాళ్లో మూడో మనిషిని బెదిరించడానికి దీన్ని వాడే అవకాశం ఉంటుంది.

రికార్డుల మాటకొస్తే, మానసిక అనారోగ్యానికి చికిత్స పొందేవాళ్ల గోప్యతకు 2017 చట్టం సెక్షన్ 23 రక్షణ ఇస్తుంది, కానీ కోర్టు ఆదేశం దానికి మినహాయింపు. లాయర్-క్లయింట్ మాటలకు ఉన్నంత రక్షణ థెరపిస్టుకు లేదు. కాబట్టి రేపు జడ్జిగారు చదువుతారన్న ఎరుకతో నోట్ రాయండి. "అక్రమ సంబంధం", "అఫైర్ ఒప్పుకుంది" లాంటి మాటలు వద్దు. మూడో మనిషి పేరు, ఉద్యోగం, ఫ్లాట్ నంబర్ వద్దు, "పార్ట్‌నర్ బి" చాలు. మాటలను యథాతథంగా రాయొద్దు. "సంబంధాల ఏర్పాటు గురించి ఒత్తిడి, ఇద్దరి మధ్య సమయ కేటాయింపు మీద పని, నిద్ర మెరుగు" అంటే క్లినికల్‌గా సరిపోతుంది. హింస, ఆత్మహత్య ఆలోచన, పిల్లల భద్రత ఉంటే మాత్రం పూర్తిగా, తేదీతో రాయాలి. అక్కడ పొదుపు పనికిరాదు. జంట ఫైల్ ఒకటి, విడి సెషన్ల ఫైళ్లు వేరే ఉంచండి. ఒకరు రికార్డు అడిగితే రెండోవాళ్లది కూడా వెళ్లిపోకుండా ఉంటుంది.

చివరగా రికార్డింగ్. 2025 జులై 14న సుప్రీంకోర్టు, భార్యాభర్తల మధ్య రహస్యంగా రికార్డ్ చేసిన సంభాషణను వైవాహిక వివాదాల్లో సాక్ష్యంగా తీసుకోవచ్చని చెప్పింది. అంటే మీ గదిలో భార్యాభర్తలు అనుకునే మాటలు ఎవరి ఫోన్లోనైనా పడుతుంటే చిక్కే. కన్సెంట్ ఫారంలో రెండు వాక్యాలు పెట్టండి: సెషన్ ఎవరూ రికార్డ్ చేయకూడదు, జంట థెరపిస్టు ఏ పక్షానికీ కోర్టు కోసం ఉత్తరం రాయరు. ఆ సంతకం చట్టపరంగా అన్నీ ఆపలేదు, కానీ ముందే మాట్లాడుకున్నందుకు చాలా గొడవలు అక్కడే ఆగుతాయి.

అమీర్‌పేట_సైకియాట్రీ

లాయర్ గారి పోస్టు సేవ్ చేసుకోండి అందరూ. నేను ఆరోగ్యం వైపు క్లుప్తంగా.

థెరపిస్టులు సెక్స్ ఆరోగ్యం అడగడానికి మొహమాటపడతారు, డాక్టర్లు సంబంధం గురించి అడగరు, మధ్యలో క్లయింట్ మిగిలిపోతాడు. ఒప్పందాల్లో ఒక అంశం తప్పకుండా ఇదే ఉండాలి: ఎవరితో కండోమ్ తప్పనిసరి, చిరిగితే ఎవరికి ఎప్పటిలోగా చెప్పాలి. హెచ్‌ఐవీ సోకే అవకాశం ఉన్న సంఘటన జరిగితే పెప్ మందులు 72 గంటల్లోపు మొదలుపెట్టాలి, ఎంత త్వరగా అయితే అంత మంచిది, 28 రోజులు వాడాలి. కాబట్టి "వీకెండ్ అయ్యాక చెబుతా" కుదరదు. గర్భం రాకుండా వేసుకునే ఎమర్జెన్సీ మాత్ర ఇన్ఫెక్షన్లను ఆపదని విడిగా చెప్పండి, చాలామంది రెండూ కలిపేస్తారు.

పరీక్షలు: హెచ్‌ఐవీ, సిఫిలిస్, హెపటైటిస్ బి, లక్షణాలు ఉన్నా లేకపోయినా. పార్ట్‌నర్లు మారుతుంటే మూణ్నెల్లకోసారి చేయించుకోమంటాం. ప్రభుత్వ ఆస్పత్రుల్లోని ఐసీటీసీ కేంద్రాల్లో హెచ్‌ఐవీ పరీక్ష, కౌన్సెలింగ్ ఉచితం, గోప్యంగానే చేస్తారు. విండో పీరియడ్ (వైరస్ సోకినా పరీక్షలో కనబడని రోజులు) వివరించండి. ల్యాబ్‌లో చేసే ఫోర్త్ జనరేషన్ పరీక్షకు 45 రోజులు, రాపిడ్ కిట్‌కు 90 రోజులు దాటాకే నెగెటివ్ అంటే నెగెటివ్. నిన్న కలిసి ఇవాళ పరీక్ష చేయించి రిపోర్ట్ వాట్సాప్ చేస్తే దానికి విలువ లేదు. హెపటైటిస్ బి టీకా 0, 1, 6 నెలల్లో మూడు డోసులు. హెచ్‌పీవీ టీకా గురించి కూడా గైనకాలజిస్టుతో మాట్లాడమనండి.

ఒకరికి హెచ్‌ఐవీ పాజిటివ్ వచ్చి మిగతావాళ్లకు చెప్పనంటే ఏం చేయాలో మీ ఇష్టం కాదు. 2017 హెచ్‌ఐవీ చట్టం సెక్షన్ 9లో మెట్లు ఉన్నాయి. ఆ చట్టం కింద చికిత్స చూస్తున్న డాక్టర్ లేదా కౌన్సెలర్ మాత్రమే, పార్ట్‌నర్‌కు గణనీయమైన ముప్పు ఉందని నమ్మి, చెప్పమని క్లయింట్‌కు కౌన్సెలింగ్ ఇచ్చి, చెప్పరని తేలాక, తాను చెప్పబోతున్నట్టు క్లయింట్‌కు తెలియజేసి మాత్రమే చెప్పొచ్చు. క్లయింట్ మహిళ అయి, చెబితే ఆమె మీద హింస జరుగుతుందన్న భయం ఉంటే ఆమె పార్ట్‌నర్‌కు చెప్పకూడదు. నేరుగా మెటామోర్‌కు ఫోన్ చేసేయడం చట్ట విరుద్ధం.

మియాపూర్_కపుల్ థెరపీ

తార్నాక వారితో చాలావరకు ఏకీభవిస్తాను. విడి సెషన్ల విషయంలో ఒక జాగ్రత్త చేర్చాలి. విడి సెషన్ పెట్టారంటే రహస్యం మీ చేతికొస్తుంది. దానికి విధానం ముందే లేకపోతే ఇరుక్కుంటారు.

కొందరు "నా దగ్గర రహస్యాలుండవు, మీరు చెప్పేది అందరికీ చెబుతాను" అంటారు. పాటించడం సులువే, కానీ హింస భయపడే భార్య ఇక నోరు విప్పదు, మీరు వెతికే సమ్మతి ప్రశ్న అక్కడే చచ్చిపోతుంది. అందుకే నేను మధ్య మార్గం సమర్థిస్తాను. కన్సెంట్ ఫారంలో ఈ మాటలే పెట్టొచ్చు: "మీరు విడిగా చెప్పింది నేను బయటపెట్టను. కానీ అది దాచడం వల్ల ఉమ్మడి పని సాగదనిపిస్తే, మీరే చెప్పడానికి మూడు నాలుగు వారాలు సాయం చేస్తాను. అప్పటికీ వద్దంటే ఉమ్మడి థెరపీ ఆపేస్తాను, కారణం చెప్పను. ప్రాణాలకు ముప్పు ఉంటే ఈ నియమం వర్తించదు." ఫారంలో పడేసి ఊరుకోకుండా గట్టిగా చదివి వినిపించాలి.

ఏ సంగతి బయటికి రావాలి, ఏది రానక్కర్లేదు అన్నది కూడా ఇద్దరు మనుషుల జంటలో ఉన్నట్టు ఉండదు. భర్తకు ఇంకో పార్ట్‌నర్ ఉందని భార్యకు తెలుసు, ఒప్పుకుంది. ఆ పార్ట్‌నర్‌తో ఏం మాట్లాడాడో ఆమెకు తెలియాల్సిన పని లేదు, అది ఆ ఇద్దరి గోప్యత. కానీ ఆ పార్ట్‌నర్‌కి లోన్ కోసం ష్యూరిటీ సంతకం పెట్టాడంటే అది ఉమ్మడి ఇంటి విషయం. రహస్యం వేరు, గోప్యత వేరు అని మొదట్లోనే మాట్లాడించండి.

మూడో మనిషిని గదిలోకి పిలవడం గురించి ఎవరూ రాయలేదు. పిలిచేముందు మీ క్లయింట్ ఎవరో తేల్చుకోండి. ఇద్దరే క్లయింట్లయితే మూడో మనిషి ఒకటి రెండు సెషన్లకు అతిథి, ఆ మాట ఆ మనిషికి ముందే ఫోన్లో చెప్పి విడిగా కన్సెంట్ తీసుకోవాలి. ముగ్గురూ క్లయింట్లయితే మొదటినుంచి ముగ్గురితో ఫారం. యాభై నిమిషాలు ముగ్గురికి చాలవు, తొంభై పెట్టండి. అలవాటుగా పెళ్లయిన ఇద్దరూ సోఫాలో, మూడోవాళ్లు ఎదురుగా కుర్చీలో కూర్చుంటారు, అప్పుడు ఆ గది విచారణ గది అయిపోతుంది. మూడు వేర్వేరు కుర్చీలు వేయండి. మొదటి మాట మూడో మనిషిది చేయండి. ఇద్దరు కలిసి ఒకరిని నిలదీయడం మొదలైతే వెంటనే ఆపి, ఒక్కొక్కరు తమ గురించే మాట్లాడాలని గుర్తుచేయండి.

ఇంకోటి, మన ఊరికి ప్రత్యేకం. క్లయింట్లు పడే ఒత్తిడిలో సగం లోపలిది కాదు, బయటిది. గేటెడ్ కమ్యూనిటీలో వాచ్‌మన్ ఫోన్ చేసి "ఆయన మళ్లీ వచ్చారు, పంపమంటారా?" అంటాడు. ఇల్లు అద్దెకిచ్చినాయన ముగ్గురి బంధుత్వం అడుగుతాడు. గృహప్రవేశంలో పీటల మీద ఇద్దరే కూర్చుంటారు, ఆ ఇంటికి ఈఎంఐలో మూడో వంతు కడుతున్న మనిషి "ఆఫీస్ ఫ్రెండ్" పేరుతో వచ్చినవాళ్లకు తాంబూలం అందిస్తూ తిరుగుతారు. ఆ రాత్రి వచ్చిన గొడవను అసూయ అని రాసుకుంటే పొరపాటు. అది దుఃఖం, దానికి దుఃఖానికి ఇచ్చే చోటే ఇవ్వాలి. పండుగలను ముందే క్యాలెండర్‌లో పెట్టించండి. సంక్రాంతికి ఎవరి ఊరు, ఆ మూడు రోజులు మిగిలిపోయే మనిషికి ఏ రోజు ఫోన్, ఏ వారాంతం బదులు, అత్తమామలు నెల రోజులు వచ్చి ఉంటే కలవడం ఎక్కడ. ఇవి డిసెంబర్‌లోనే మాట్లాడుకున్నవాళ్లు జనవరి సెషన్‌కు వేరే ముఖాలతో వస్తారు.

ఇంట్లో చెప్పేయమని మాత్రం క్లయింట్లను తోయొద్దు. అమ్మానాన్నలకు చెప్పకపోవడం పిరికితనం కాదు. ఇల్లు, ఆస్తి, చెల్లెలి పెళ్లి అన్నీ దాంతో ముడిపడి ఉంటాయి. ఎవరికి చెబితే లాభం, తెలిస్తే నష్టం ఎంత, అనుకోకుండా బయటపడితే మొదటి 24 గంటలు ఎవరి దగ్గర ఉంటారు, ఇంతవరకు ప్లాన్ చేయించండి. ఫొటోలతో ఎవరైనా బెదిరిస్తే డబ్బు పంపొద్దు, స్క్రీన్‌షాట్లు దాచుకుని సైబర్ క్రైం హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయమనండి.

కొత్త_ఎంఎస్సీ

చిన్న డౌట్ అండీ. పాతబస్తీ వైపు ఎన్జీవోలో చేస్తున్నాను. ముస్లిం కుటుంబాల్లో రెండో పెళ్లి ఉన్న క్లయింట్లకు కూడా ఇవన్నీ ఇలాగే వర్తిస్తాయా?

తార్నాక_సైకాలజిస్ట్

పూర్తిగా కాదమ్మా. అక్కడ ముస్లిం పర్సనల్ లా కింద పురుషుడి రెండో పెళ్లి చట్టబద్ధం. ఇద్దరు భార్యలకూ హోదా, భరణం, కుటుంబంలో చోటు ఉంటాయి. భార్యలకు అలాంటి వెసులుబాటు ఉండదు. కాబట్టి పాలియామరీ పుస్తకాల భాష అక్కడ రుద్దకు. మనం వాళ్ల మతాన్ని సరిదిద్దడానికీ కూర్చోలేదు. కానీ తెలిసి జరిగిందా, వద్దంటే ఏమయ్యేది, ఖర్చు, రోజుల పంపకం న్యాయంగా ఉందా అన్న ప్రశ్నలు అవే. మెహర్, భరణం సందేహాలకు ఆ చట్టం తెలిసిన మహిళా లాయర్ నంబర్ దగ్గర పెట్టుకో.

కొండాపూర్_కౌన్సెలర్

అందరికీ కృతజ్ఞతలు. చివరిగా ఒకటే. ఒకరు "ఇక చాలు, ఇద్దరమే ఉందాం" అంటే, రెండోవాళ్లు ఒప్పుకోకపోతే? మూసేయమనడం అఫర్మింగ్ కాదనిపిస్తుంది, కొనసాగించమనడమూ సరికాదనిపిస్తుంది.

మియాపూర్_కపుల్ థెరపీ

రెండూ మీరు అనాల్సిన మాటలు కావు మేడమ్. ఒకరికే కట్టుబడి ఉండాలనుకోవడం కూడా అంతే గౌరవించాల్సిన కోరిక. "మీరింకా అలవాటు పడలేదు" అంటే ఆ మనిషిని అవమానించినట్టే.

ముందు, ఆ మాట దేనికి వచ్చిందో చూడండి. ఈ ఒక్క మెటామోర్‌తో ఇబ్బందా, పాప పుట్టాక అలసటా, మాట తప్పినందుకు కోపమా? అయితే కొన్నాళ్లు కొత్త పరిచయాలు ఆపడం, ఉన్నవాటిని నెమ్మదించడం లాంటి మధ్య దారులుంటాయి. తేదీ వేసి, ఆరు వారాలో మూడు నెలలో అని చెప్పి ఆపాలి. తేదీ లేని విరామం ఒకరికి శాశ్వతంగా మూసినట్టు, ఇంకొకరికి రేపు తెరిచేట్టు వినిపిస్తుంది.

అసలు కోరికే వేరైతే నాలుగైదు సెషన్లు అని పరిమితి పెట్టి, నిర్ణయం కోసమే కూర్చోబెట్టండి. ఒక్కో సెషన్‌లో సగం సమయం విడివిడిగా. ఒక్కొక్కరు మూడు దారులు రాసుకుని రావాలి: ఇలాగే సాగితే అయిదేళ్ల తర్వాత ఎలా ఉంటాను, మూసేస్తే ఎలా ఉంటాను, విడిపోతే ఎలా ఉంటాను. డబ్బు, పిల్లలు, ఇల్లు అంకెలతో సహా. కొత్త ప్రేమ మొదటి నెలల వేడిలో ఉన్నవాళ్లతో ఇల్లు అమ్మడం, ఉద్యోగం మానడం లాంటివి అప్పుడే చేయొద్దని ఒప్పించండి.

మూసేయాలని తేలితే ఆ మూడో మనిషి సంగతి మీ గదిలోనే మాట్లాడాలి. చాలా జంటలు ఇక్కడ ఒక మెసేజ్ పెట్టి బ్లాక్ చేసేస్తారు. వద్దు. ఎవరి పార్ట్‌నరో వాళ్లే ఎదురుగా కూర్చుని చెప్పాలి, ఇద్దరూ కలిసి వెళ్లి చెప్పకూడదు. ఫ్లాట్ తాళాలు, ఉమ్మడిగా కొన్న సామాను, ఇచ్చిపుచ్చుకున్న డబ్బు, ఫోన్లలో ఉన్న ఫొటోలు ఏం చేయాలో ముందే జాబితా రాసుకుని వెళ్లమనండి. ఆ మనిషికి వేరే థెరపిస్టు నంబర్ ఒకటి ఇవ్వండి, అది మీది కాకూడదు.